ఎవరూ కెమెరా వైపు చూడని ఫోటో

కళ్ళు మూసుకోండి, నేను చెప్పేదాకా తెరవకండి అని చుక్కలు వేసి వెళ్ళిన నర్సమ్మ మళ్ళీ ఇటు వచ్చే జాడ లేదు. ఎంతసేపని మూసుకుంటాం, మూసుకున్నా లోపలంతా ఎర్రగా మండుతోంది, మందు దూది దాటి చెంప మీదుగా పెదవి దాకా కారింది, చేదు. పక్క బెంచీ మీద ఒక ముసలాయన ఇంకో ముసలాయనతో అంటున్నాడు, ఈ చుక్కలు వేయించుకున్న గంటసేపూ మా ఆవిడ ఎంత అందంగా కనిపిస్తుందోనండీ అని. ఆ రెండో ఆయన పకపకా నవ్వాడు, ఎవరో ఆడమనిషి గొంతు, బహుశా ఆ ఆవిడే, నోరు మూసుకోండి సంబడం అంది, నాకూ నవ్వొచ్చింది. మా అమ్మాయి ఉంటే ఇద్దరం మోచేతులతో పొడుచుకునేవాళ్ళం. అది మందుల కౌంటరు దగ్గర వరసలో నిలబడింది, కదలకమ్మా, ఇక్కడే కూర్చో అని నన్ను చంటిపిల్లలా ఈ బెంచీకి అతికించి వెళ్ళింది. ఈ మధ్య నేను దానికి చంటిపిల్లనే. గుమ్మాలకి నీ మీద పగేమిటమ్మా అంటుంది, ఎప్పుడు చూసినా నీ ఎడమ భుజాన్నే కొడతాయి అంటుంది. నిజమే, భుజం మీద మచ్చ మీద మచ్చ, కమిలి మానిన చోటే మళ్ళీ కమిలింది. తొందర ఎక్కువైంది నాకు అనుకున్నాను, వయసు మీద పడుతోంది అనుకున్నాను, ఏమైనా అనుకున్నాను గాని కళ్ళు అనుకోలేదు.

పొద్దున చేసిన పరీక్ష ఇంకా తలలోనే తిరుగుతోంది. తెల్లటి గిన్నె లాంటి మిషన్‌లోకి ముఖం పెట్టించి, ఎదురుగా ఉన్న చుక్కనే చూడండి, పక్కల ఎక్కడ లైటు మెరిసినా మీట నొక్కండి అంది ఆ పరీక్ష చేసే అమ్మాయి. నొక్కాను, నొక్కాను, తర్వాత చాలాసేపు ఏమీ మెరవలేదు. మిషన్ ఆగినట్టుందమ్మా, లైట్లు రావడం లేదు అన్నాను. ఆ అమ్మాయి, చుక్కనే చూడండి ఆంటీ, కంగారు లేదు అంది. అప్పటిదాకా కరుకుగా ఉన్న గొంతు ఒక్కసారి మెత్తబడింది. మిషన్ బాగానే ఉంది, లైట్లు వస్తూనే ఉన్నాయి. డాక్టరమ్మ ఆ కాగితం మీది నల్లటి మరకల్ని వేలితో తడుముతూ నీటికాసులు అంది. శుక్లాలు అయి ఉంటాయి, తీసేస్తారు, వారంలో కత్తెర పట్టుకోవచ్చు అని ధైర్యంగా వచ్చిన దాన్ని. ఇది అలాంటిది కాదట, కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం అంచుల నుంచి మెల్లగా ఎండిపోతూ వస్తుందట, నొప్పి ఉండదట, ఎరుపు ఉండదట. పోయింది రాదమ్మా, ఉన్నది నిలబెట్టుకుందాం అంది. ఇంత ఆలస్యంగా వచ్చారేమిటి అంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా చూపు పోయిందా అంది. మా నాన్నకి పోయింది గాని అది జ్వరం వల్ల అన్నాను, చిన్నప్పటి నుంచి ఎంతమందికి చెప్పానో ఆ మాట, బడిలో చెప్పాను, అత్తవారింట్లో చెప్పాను, కుర్చీలో కూర్చుని జుట్టు కత్తిరించుకునే వాళ్ళకి చెప్పాను, గడగడా వచ్చేసింది. డాక్టరమ్మ తలెత్తి, జ్వరం వల్లా అని అడిగి కాగితం మీద ఏదో రాసుకుంది.

నాకు రెండు కుర్చీల దుకాణం, ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తున్నాను. చేతికి లెక్క తెలుసు, ఈ పక్క ఎంత ఆ పక్క ఎంత, కళ్ళు మూసుకుని కత్తిరిస్తాను అని డంబాలు పోయేదాన్ని. మొన్న లెక్కల టీచరమ్మ అద్దంలో చూసుకుని, ఏమిటమ్మా ఇది, ఎడమ పొడుగు కుడి పొట్టి, నేనేమన్నా నాటకంలో వేషం కడుతున్నానా అంది. మళ్ళీ సరిచేశాను, ఇంకా తేడాగానే వచ్చింది, పాపం ఆవిడ జుట్టు చెవుల పైకి వచ్చేదాకా సరిచేశాను, డబ్బులొద్దులెండి అన్నాను. ఆ రోజే అమ్మాయి నన్ను ఇక్కడికి లాక్కొస్తానని పట్టుపట్టింది. దానికి కళ్ళంటే ఇప్పుడు ప్రాణం. రైలింజను నడిపే ఉద్యోగానికి ఎంపికైంది, పరీక్షలన్నీ గట్టెక్కింది, వచ్చే నెల నుంచి శిక్షణ. రోడ్డు మీద నడుస్తున్నా సరే దూరంగా కనిపించే దీపాల రంగులు పైకి చెప్పుకుంటూ నడుస్తుంది, ఎరుపు, పసుపు, పసుపు, ఆకుపచ్చ. జనం తిరిగి చూస్తారు, చూస్తే చూడనీ అంటుంది.

కళ్ళు తెరిచేశాను, ఇక నా వల్ల కాలేదు. వసారా అంతా పాలు ఒలికినట్టుంది. మనుషులు అంచులు కరిగిపోయి నడుస్తున్నారు. చేతి గీతలు కనిపించవు, గోడ మీది బోర్డు తెల్లటి దుప్పటిలా వేలాడుతోంది. గాలి కోసం లేచి నాలుగడుగులు వేసి ఆవరణలోకి దిగాను, ఎండ మొహం మీద కొట్టింది, చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాను. తిరిగి అక్కడే ఆగిపోయాను. పొద్దుటి నుంచి ఈ పాత భవనంలోకి రెండుసార్లు వచ్చాను, కొత్త భవనం నుంచి అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు, అప్పుడు బోర్డులూ, కిటికీలకి బిగించిన ఏసీ పెట్టెలూ, వేలాడే వైర్లూ, నీళ్ళ గొట్టాలూ అన్నీ కనిపించాయి గాని భవనం కనిపించలేదు. ఇప్పుడు ఆ ఎండలో, ఆ మసకలో, చిల్లరంతా చెరిగిపోయి ఆకారం ఒక్కటే మిగిలింది. నడుము దగ్గర వంపు తిరిగినట్టు రెండు వైపులా విప్పారిన మెట్లు. పైన పొట్టి స్తంభాలు. వాటి మీద బండిచక్రం లాంటి గుండ్రటి కిటికీ, ఆ చక్రం కమ్మీల్లో ఒకటి విరిగిపోయి ఉంది. అంతా పాత ఫోటో వెలిసిపోయినట్టే వెలిసిపోయి, తెల్లగా, బూడిదగా. ఈ మేడ నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా ముందు గదిలో తలుపు పైన ఫోటోలో ఉండేది, ఇప్పుడు నా పడకగదిలో ఉంది.

మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మా ఇంట్లో ఉన్న ఫోటో అదొక్కటే, దానికి పేరే చెడిపోయిన ఫోటో. ఆ మెట్ల మీద అమ్మ, అమ్మ చంకలో నేను, అమ్మ పక్కన కొత్త గౌనులో అక్క. కింది మెట్టు మీద నాన్న, మా వైపు తిరిగి నిలబడ్డాడు, కెమెరాకి చెవీ చెంపా మాత్రం దొరికాయి. మేమంతా నాన్ననే చూస్తున్నాం, అక్క కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది, నెలల పిల్లని నేను కూడా అటే చూస్తున్నాను. ఇంటికొచ్చినప్పుడల్లా మామయ్య ఆ ఫోటో కిందే కూర్చుని, ఆ రోజు అందరికీ ఒకేసారి మెడ పట్టేసిందటరా అని మొదలుపెట్టేవాడు, ఫోటో తీసినవాడికి డబ్బులెలా ఇచ్చావు బావా, వాడే మీకు ఎదురివ్వాలి అనేవాడు. నాన్న నవ్వేవాడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళేది. ఆ మేడ ఎవరిదీ అని నేను అడిగితే మామయ్య కోర్టు అనేవాడు, ఒకసారి మీ నాన్నకి రావలసిన ఆస్తి అన్నాడు, నేను బడిలో అందరికీ అదే చెప్పి చాలా రోజులు రాణిలా తిరిగాను. అమ్మని అడిగితే, ఎవరో తెలిసినవాళ్ళ ఇల్లులే, అన్నం తిను అనేది.

నాన్నని కూడా అడిగాను. నాన్న అచ్చుకూటంలో సీసపు అక్షరాలు కూర్చే పనిలో ఉండేవాడు. చూపు పోయాక కూర్చే పని పోయింది గాని, అచ్చయిన పేజీలు విప్పి అక్షరాలను మళ్ళీ ఎవరి గూట్లో వాళ్ళని పడేసే పని ఉంచారు, అది వేళ్ళతో తడిమి చేసేవాడు. అరిగిపోయిన అక్షరాలు జేబులో వేసుకొచ్చి నా అరచేతిలో పెట్టి, ఇదేమిటో చెప్పు అనేవాడు. అచ్చు అక్షరం అద్దంలోలా తిరగబడి ఉంటుంది, నేనూ అలాగే నేర్చుకున్నాను, అన్నీ తిరగేసి, బడిలో పంతులమ్మ నెత్తి కొట్టుకుంది. ఒక సెలవు రోజున అడిగాను, నాన్నా, ఫోటోలో ఆ మేడ ఎవరిది? ఏ మేడ అన్నాడు. గుండ్రటి కిటికీ ఉన్న మేడ. దారిలో కనిపించింది, బాగుందని నిలబడ్డాం అన్నాడు. నాన్న అబద్ధం చెప్పగలడని నాకేం తెలుసు. తర్వాత అన్నాడు, ఆ ఫోటోలో ఏముందో చెప్పు నాకు. అమ్మ ఎలా ఉంది? చీర రంగేమిటి? ఫోటోలో రంగుండదు నాన్నా అన్నాను. ఆకుపచ్చ అన్నాడు. అక్క జడలకి రిబ్బన్లున్నాయా? ఉన్నాయి. నువ్వు ఏడుస్తున్నావా? లేదు, నిన్నే చూస్తున్నాను. ఊఁ, అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగించుకున్నాడో, బల్ల ఎక్కి దగ్గరగా చూసి మరీ చెప్పేదాన్ని, ఒక్కోసారి విసుగొచ్చి లేనివి కూడా కలిపి చెప్పేదాన్ని, కుక్కపిల్ల ఉంది నాన్నా అని, కుక్కపిల్ల లేదే అనేవాడు. ఇప్పుడు ఈ బెంచీ మీద తెలుస్తోంది. చూసినవాడు కాబట్టి లేదన్నాడు. ఫోటోని కాదు, మమ్మల్ని చూశాడు. ఫోటో కడిగి ఇచ్చేసరికి చూపు లేదు.

ఫోనులో అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. మొదటి బొమ్మ అక్కదే అని తెలుసు, గుడ్డిగా నొక్కాను. గుడ్డిగా అన్న మాట ఎంత తేలిగ్గా వస్తుంది నోటికి. అక్క వేరే ఊళ్ళో ఉంటుంది, ఈ వేళప్పుడు బట్టలు ఉతుకుతూ ఉంటుంది, కుళాయి చప్పుడు వినిపిస్తోంది.

"అక్కా, మన చెడిపోయిన ఫోటోలో మేడ ఉంది చూడు..."

"ఇప్పుడెందుకే బుల్లీ అది?"

"నేను అందులోనే కూర్చున్నాను. చుక్కలు వేశారు."

కుళాయి కట్టేసిన చప్పుడు. ఆస్పత్రా అని అడగలేదు, నీకేమైందే అని అడగలేదు. అక్క అడిగింది ఒక్కటే.

"ఏ కన్ను?"

ఆ ఒక్క మాటతో నాకు సగం తెలిసిపోయింది.

"రెండూ. ఎడమది చాలావరకు పోయిందట. నీటికాసులట."

అక్క ఏడ్చింది. మా అక్క అమ్మ పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ తిరిగిన మనిషి. నేను ఫోను కుడిచెవికి గట్టిగా అదుముకుని కూర్చున్నాను, అది ఏడుస్తుంటే మధ్యలో ఆపడం నాకెప్పుడూ రాదు. ఏడుపు మధ్యలోనే చెప్పింది. జ్వరం లేదు ఏమీ లేదే, నాన్నకి మెల్లమెల్లగానే పోయింది, పెళ్ళప్పటికే మొదలైందట. ఆపరేషన్ చేస్తే నిలబడొచ్చు, మొత్తం పోనూ వచ్చు, చూడాలనుకున్నవాళ్ళని చూసుకుని రా అన్నాడట డాక్టరు. ముందు రోజు మనల్నందరినీ తీసుకెళ్ళాడు. అమ్మ నాకు కొత్త గౌను వేసింది, పెళ్ళికనుకున్నాను. గేటు బయట ఫోటోలు తీసే ఆయన్ని అమ్మే పిలిచింది. ఆయన, ఇటు చూడండమ్మా, పాపా ఇటు చూడు అని ఒకటే అరుపు. నేను అటు తిరగబోతే అమ్మ నా గడ్డం పట్టుకుని, అటు కాదే, నాన్న వైపు చూడు, కళ్ళు పెద్దవి చెయ్యి, నాన్న నీ కళ్ళు చూసుకోవాలి అంది. చివరికి ఆయన విసుక్కుని అలాగే తీసేశాడు.

"మరి జ్వరం అని ఎందుకు చెప్పారు? నాకెందుకు చెప్పలేదక్కా?"

"డాక్టరు అన్నాడు, ఇది పిల్లలకి రావచ్చు, పెద్దయ్యాక ఏటా చూపించండి అని. నేను వసారాలో స్తంభం వెనక ఉన్నాను, విన్నాను. నాన్న అమ్మతో అన్నాడు, నేను రోజూ లేవగానే ఒక కన్ను మూసుకుని గోడ మీద గడియారం చూసుకుంటున్నా, నిన్న కనిపించిన ముల్లు ఇవాళ కనిపిస్తోందా అని. ఆ బతుకు పిల్లలకొద్దు, వాళ్ళకి చెప్పకు అన్నాడు. అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. విన్నానని తెలిసి అమ్మ నా చేత వేయించుకుంది."

చిన్నప్పుడు కిటికీ దగ్గర అక్క. పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకుండా, ఒక అరచేయి కంటికి అడ్డం పెట్టుకుని, తర్వాత రెండో అరచేయి. ఆటేమో అనుకునేదాన్ని, ఒంటికన్ను రాకాసి ఒంటికన్ను రాకాసి అని చుట్టూ గెంతేదాన్ని, కొట్టేది కాదు, నవ్వేది కాదు.

"నువ్వు రోజూ చూసుకునేదానివి."

"ఇప్పటికీ. ఏటా పరీక్ష కూడా. మీ బావకి తలనొప్పి అని చెప్పి వెళ్తాను. నాకేం లేదే." ఎవరిదో వస్తువు కాజేసి ఒప్పుకుంటున్నట్టు అంది. "నాకేం లేదు బుల్లీ. భయపడిందంతా నేను, వచ్చింది నీకు."

"చెప్పి ఉంటే నేనూ చూపించుకునేదాన్ని గదా."

"తెలుసు. అమ్మ పోయాక చెబుదామనే అనుకున్నాను. ప్రతిసారీ వచ్చి, నీ మొహం చూసి, తర్వాత చెబుదాంలే అని వెళ్ళిపోయేదాన్ని. ఆ ఇంట్లో భయం లేకుండా తిరిగింది నువ్వొక్కదానివేనే. పళ్ళెం నెత్తిన పెట్టుకుని గెంతుతూ తిరిగేదానివి. నాన్న నీ అడుగుల చప్పుడు వింటూ కూర్చునేవాడు. నిన్ను చూస్తుంటే మాకందరికీ ఏమీ జరగనట్టే ఉండేది."

కోపం రావాలి, వెతికాను, ఎక్కడా దొరకలేదు. కొత్త గౌను వేసుకుని స్తంభం వెనక నిలబడ్డ పిల్ల మీద ఏం కోపం వస్తుంది. నాన్న మీద కూడా రాలేదు. నాకు భయం లేని బాల్యం ఇవ్వాలనుకున్నాడు, ఇచ్చాడు, అది నిజమే, అందులో ఒక్క రోజు కూడా దొంగది కాదు, ఎవరో గుమ్మంలో నిలబడి అడిగినా తిరిగి ఇవ్వను. కాని ఎడమ కన్ను. ఎడమ కన్ను దానికింద పోయింది. రెండూ ఒకే చెయ్యి ఇచ్చిందని తెలిశాక మనిషి ఎటు తిరిగి ఏడవాలి.

"అమ్మాయికి చెప్పావా?" అంది అక్క.

"ఇంకా లేదు."

"దానికి చెప్పకే ఇప్పుడే. పరీక్షలన్నీ నెగ్గింది, వాళ్ళు దాని కళ్ళు చూసే తీసుకున్నారు. మనింటి సంగతి తెలిస్తే అది ఇంజనులో కూర్చుని ఎదురుగా ఉన్న దీపం చూస్తుందా, తన కన్ను చూసుకుంటుందా? ముందు చేరనీ."

నాన్న గొంతే అది, అక్క గొంతులోంచి. ఆ గొంతు ఎంత మంచిదో, ఎంత మెత్తగా ఉంటుందో. ఎరుపు, పసుపు, పసుపు, ఆకుపచ్చ అని పైకి చెప్పుకుంటూ నడిచే పిల్ల నా కళ్ళలో మెదిలింది. దాని నోట్లోంచి ఆ పాట తీసేసి ఆ చోట ఒక అరచెయ్యి పెట్టాలి, పొద్దున్నే కంటికి అడ్డంగా. నా వల్ల అవుతుందా. ఒక్క ఏడాది ఆగితే ఏమవుతుంది. ఏమైనా వంక పెట్టి ఏటా చూపించవచ్చు, తలనొప్పి అనవచ్చు. అందరం తలనొప్పి అందాం.

"సరేలే అక్కా. ఇప్పుడే చెప్పనులే. చేరనీ."

ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. వసారాలో పాలు కాస్త పలచబడ్డాయి, ఎదుటి గోడ మీది బోర్డులో అక్షరాలు నల్లటి చీమల్లా కదులుతున్నాయి. అదింకా రాలేదేమిటి, అంత వరసా అని తల పూర్తిగా ఎడమ వైపు తిప్పి చూశాను.

పక్కనే కూర్చుని ఉంది. భుజానికి భుజం అంత దూరంలో, మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని.

"ఎప్పుడొచ్చావే?"

"నువ్వు పెద్దమ్మతో రెండూ అన్నప్పుడు."

మళ్ళీ తనే అంది, నెమ్మదిగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "నన్ను చూశావనుకున్నానమ్మా. నేను వినాలనే పైకి మాట్లాడుతున్నావనుకున్నాను. చెప్పనులే అన్నావు చూడు, అప్పటిదాకా అలాగే అనుకున్నాను."

నేను మళ్ళీ ముందుకు తిరిగాను, దాని మొహం చూడలేక. అటు నుంచి దాని గొంతు వచ్చింది. "అలాగే ఉండు. తల తిప్పకు. నా చెయ్యి కనిపిస్తోందా?"

"ఏ చెయ్యి?"

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత ఎక్కడి నుంచో, ఏమీ లేని చోటు నుంచి, వెచ్చటి వేళ్ళు వచ్చి నా చెంప మీద ఆగాయి. మందుల సంచి వాసన, చెమట. ఎంతసేపటి నుంచి ఊపుతోందో ఆ చెయ్యి, దగ్గరికి తెచ్చి, దూరం జరిపి. చెంప మీదే ఉంచుకుని, "ఇదిగో, ఇది" అంది.

నర్సమ్మ తలుపు తీసి మా వైపు రమ్మని చెయ్యి ఊపింది. అమ్మాయే ముందు లేచింది. లోపల డాక్టరమ్మ నా కోసం కుర్చీ సరిచేస్తుంటే, "ముందు నావి చూడండి మేడమ్, మా తాతయ్యక్కూడా ఇదే" అని చెప్పి తనే కూర్చుంది. గడ్డం ఆనించింది. నుదురు ఆనించింది. గదిలో దీపం ఆర్పి డాక్టరమ్మ సన్నటి వెలుగు ఒకటి దాని కంట్లోకి పంపించింది, కళ్ళు పెద్దవి చెయ్యమ్మా అంది. నేను గోడ పట్టుకుని, స్టూలు తగలకుండా చూసుకుంటూ, దాని మొహం నాకు నిండుగా కనిపించే పక్కకి జరిగి నిలబడ్డాను.